కళాఖండాల పట్టికలో ఏ పదం రాయాలి, ఎంతవరకు రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో ఒక కుటుంబ ట్రస్టు దగ్గర రెండు మూడు తరాలుగా పోగైన పటాలు, లోహ విగ్రహాలు, కలంకారీ వస్త్రాలు, బొమ్మలు, కొన్ని శిల్ప శకలాలు ఉన్నాయి. వాటన్నిటికీ కంప్యూటరులో పట్టిక తయారుచేసే పని మీకు అప్పగించారు. చేతిరాత రిజిస్టరులో ఉన్న “తైలవర్ణ చిత్రం”, “పంచలోహం”, “పాలరాయి” వంటి మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాలా, సరిదిద్దాలా, సరిదిద్దితే ఎంత సూక్ష్మంగా రాయాలి, తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని అడిగారు. నేను విజయవాడలో ఉంటూ కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లోని ఇలాంటి సేకరణలకు చాలాకాలంగా పట్టికలు రాస్తున్నాను. నా పనిలో నిలిచిన పద్ధతిని చెబుతాను.

ముందు సూటిగా జవాబు. వస్తువు మీద వేలు పెట్టి ఆధారం చూపగలిగిన పదాన్నే రాయండి. ఆధారం చాలనప్పుడు ఒక మెట్టు పైకి వెళ్ళి, దానికన్నా విస్తృతమైన పదం వాడండి. రిజిస్టరులోని పాత మాటను చెరపకుండా వేరే గడిలో యథాతథంగా ఉంచండి. భాష విషయం చివర వివరిస్తాను. క్లుప్తంగా చెప్పాలంటే తెలుగు పదం ఉండాలి, దాని పక్కన అంతర్జాతీయ పదకోశంలోని సంఖ్య ఉండాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పట్టికలో ఒకసారి ఎక్కిన మాటను ఆ తరువాత వచ్చేవారు మళ్ళీ పరీక్షించరు. బీమా కట్టేవారు, ప్రదర్శనకు అడిగి తీసుకునేవారు, మరమ్మతు చేసేవారు అందరూ దాన్నే నమ్ముతారు. కాగితం మీది ముద్రణను తైలవర్ణ చిత్రమని రాసి ఉంటే, ఆ మాట చూసి ద్రావకాలతో శుభ్రం చేయబోయేవారు ఉంటారు. కాన్వాసు తట్టుకున్నది కాగితం తట్టుకోదు. పదం తప్పితే నష్టం వస్తువుకే జరుగుతుంది.

మొదట చేయవలసిన పని గడులను విడదీయడం. పాత రిజిస్టర్లలో ఒకే మాట మూడు నాలుగు ప్రశ్నలకు జవాబుగా నిలబడి ఉంటుంది. ఇది ఏమిటి, దేనితో చేశారు, ఎలా చేశారు, ఇందులో ఏముంది, ఎవరు చేశారు, ఎక్కడిది, ఎప్పటిది అనేవి వేర్వేరు ప్రశ్నలు. “కలంకారీ” అనే ఒక్క మాటలో వస్తువు రకం, చేసిన పద్ధతి, కొంతవరకు ఊరు కూడా కలిసిపోతాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2006లో ప్రచురించిన ‘కేటలాగింగ్ కల్చరల్ ఆబ్జెక్ట్స్’ అనే మార్గదర్శక గ్రంథం కూడా ఈ విభజననే పట్టుకుంటుంది. చదివేవారికోసం “కాన్వాసుపై తైలవర్ణాలు” అని ఒక వాక్యంగా రాసుకోవచ్చు, కానీ వెతకడానికి వీలుగా “తైలవర్ణం”, “కాన్వాసు” అనే రెండు పదాలు విడివిడిగా తమ గడుల్లో ఉండాలి.

ఇక మీరు అడిగిన పదాల్లో మన ప్రాంతపు సేకరణలన్నిటిలోనూ ఎదురయ్యేది “రవివర్మ తైలవర్ణ చిత్రం”. ఈ మాట రాసి ఉన్న పటాల్లో నేను చూసినవి దాదాపు అన్నీ ముద్రణలే. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించిన తరువాత ఆయన లక్ష్మి, సరస్వతి, దమయంతి చిత్రాలు రాతి అచ్చుల మీద, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ముద్రణ పొంది ఇంటింటికీ చేరాయి. వీటిలో కొన్నిటికి నూనెరంగుల చిత్రంలా కనబడాలనే ఉద్దేశంతోనే కాన్వాసు అల్లిక వంటి గరుకును కాగితం మీద ఒత్తి, పైన వార్నిష్ పూశారు. అందుచేత పక్కనుంచి దీపం వేసి, ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంది కాబట్టి ఇది కుంచెపని అని తేల్చడం కుదరదు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని చెక్కిలి మీద వెలుగు నీడలోకి జారే చోట చూడండి. కుంచెపని అయితే రంగు ఒకదానిలో ఒకటి కలుస్తూ సాగుతుంది. రాతి అచ్చు ముద్రణ అయితే ఒక క్రమం లేని చిన్నచిన్న చుక్కలు, ఒక రంగు చుక్క మీద మరో రంగు చుక్క కనిపిస్తాయి. చీర అంచు దగ్గర ఒక రంగు తన గీతను దాటి వెంట్రుకవాసి బయటకు వచ్చి ఉంటే, అది అచ్చు పక్కకు జరిగిన గుర్తు. చుక్కలు సమాన దూరంలో, చిన్న పూరేకుల గుత్తులుగా కనిపిస్తే అది తరువాతి కాలపు ఆఫ్‌సెట్ ముద్రణ. అంటే క్యాలెండరు కాగితం.

చూసినదాన్నిబట్టి పదం ఇలా దిగుతుంది. గరుకు ఒత్తిడి, వార్నిష్ రెండూ కనిపిస్తే “ఓలియోగ్రాఫ్”. క్రమం లేని చుక్కలు మాత్రమే కనిపిస్తే “క్రోమోలిథోగ్రాఫ్”, అంటే రాతి అచ్చుల రంగుల ముద్రణ. అద్దం చట్రం విప్పడానికి యజమానులు ఒప్పుకోకపోతే “రంగుల ముద్రిత చిత్రం” అని రాసి అక్కడే ఆగండి. ఆ మూడో పదంలో లోపమేమీ లేదు, మీకు తెలిసినంతా అందులో ఉంది. కర్త గడిలో రవివర్మ పేరు ఒక్కటే రాయకూడదు, “రవివర్మ చిత్రం ఆధారంగా” అని రాసి, ముద్రించినవారి పేరు వేరుగా ఇవ్వాలి. అదీ ఆ పేరు కాగితం మీద అచ్చై ఉంటేనే. ఈ బొమ్మలను అనుకరించి వేసిన ముద్రణాలయాలు చాలా ఉన్నాయి. పైగా చట్రం కట్టేవారు పటాన్ని సరిపెట్టడం కోసం కింది అంచును కత్తిరించడంతో ముద్రాపకుల పేరు తరచు పోతుంది. చీర మీద జరీ, పూసలు అతికించి ఉంటే దాన్ని తప్పక రాయండి. అది ఆ ఇంటివారు తమ పటానికి చేసుకున్న అలంకారం కాబట్టి ఆ ప్రతికి మాత్రమే చెందిన చరిత్ర.

“పాలరాయి” మాట మన గుంటూరు ప్రాంతానికి మరీ దగ్గరిది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండనుకు వెళ్ళి “ఇలియట్ మార్బుల్స్” అని పేరుపడ్డాయి. వాడుకలో అమరావతి పాలరాయి అనే మాట స్థిరపడిపోయింది గాని, ఆ రాయి పల్నాడు సున్నపురాయి. పాలరాయి అంటే భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి స్ఫటికాలు మళ్ళీ కట్టుకున్న సున్నపురాయి; దాని పాత విరుపును భూతద్దంలో చూస్తే పంచదార పలుకుల్లా గింజలు ఒకదానినొకటి పట్టుకుని మెరుస్తాయి. పల్నాడు రాయి సన్నని గింజతో, లేత ఆకుపచ్చ లేదా బూడిద ఛాయతో, ఒక్కోచోట పొరలుగా ఉంటుంది. ఆమ్లపు చుక్క వేసి చూడమని సలహా ఇచ్చేవారు ఉంటారు, దయచేసి వేయకండి. రెండు రాళ్ళూ కాల్షియం కార్బొనేటే కాబట్టి రెండూ పొంగుతాయి. జవాబు రాదు, శిల్పం మీద మచ్చ మిగులుతుంది. మీ పదార్థం గడిలో “సున్నపురాయి” అని రాయండి. “పల్నాడు సున్నపురాయి” అనాలంటే అది ఆ ప్రాంతంలో దొరికినట్టు ఏదో ఒక కాగితం ఉండాలి. “పాలరాయి” అనే మాటను వాడుక పేర్ల గడిలో ఉంచితే ఆ మాటతో వెతికేవారికి కూడా వస్తువు దొరుకుతుంది.

ఆ శకలాలు ఏ భాగానివన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారాన్ని గ్రంథాల్లో వేదిక అంటారు. ఈ కాలపు పాఠకుడు దాన్ని సభావేదిక అనుకుంటాడు కాబట్టి నేను “ప్రాకారం” అని రాసి, వేదికను పర్యాయపదంగా ఇస్తాను. ఆ ప్రాకారంలో నిలువు స్తంభాలు, వాటిమధ్య అడ్డంగా దూర్చే సూచులు, పైన కప్పే ఉష్ణీషం ఉంటాయి. పద్మం చెక్కిన ముక్క కనబడగానే “సూచి” అని రాసేయడం చాలామంది చేసే పని. పద్మం మూడింటిలో రెండింటిమీద ఉంటుంది: సూచి మధ్యలో నిండు పద్మం, స్తంభం మధ్యలో నిండు పద్మం, స్తంభం పైనా కిందా అర్ధపద్మం. కాబట్టి ముందు పద్మాన్ని వదిలి ముక్క అంచును చూడాలి. సూచి అడ్డకోత మధ్యలో ఉబ్బి రెండు వైపులకూ సన్నబడుతుంది, ఎందుకంటే అది స్తంభంలో అదే ఆకారపు రంధ్రంలోకి దూరాలి. స్తంభం పక్కన ఆ రంధ్రం కనబడాలి. రంధ్రమూ లేదు, సన్నబడిన అంచూ లేదు, నాలుగు వైపులా విరుపే ఉందంటే “పద్మం చెక్కిన శిల్ప శకలం” అని మాత్రమే రాయగలం. ఆ ముక్కకు అదే సరైన పేరు.

విషయం గడిలో కూడా ఇదే క్రమశిక్షణ పాటించాలి. అమరావతి శిల్పాల్లో అనేకచోట్ల బుద్ధుడి రూపం ఉండదు, ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. ఎక్కినవాడు లేకుండా కదిలే గుర్రం, దానిమీద పట్టిన గొడుగు ఉంటే అది మహాభినిష్క్రమణమని, అంటే సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళిన ఘట్టమని మనకు తెలుసు. పట్టికలో మాత్రం మొదట కంటికి కనిపించేది రాయాలి: “సవారు లేని గుర్రం, పైన ఛత్రం, పరివారం”. తరువాత దాన్ని గుర్తించాలి: “మహాభినిష్క్రమణం”. ఖాళీ సింహాసనం వంటివాటిని బుద్ధుడి ప్రతీకలనాలా, ఆ స్థలానికి భక్తులు చేసే పూజను చూపే దృశ్యాలనాలా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. ఆ వ్యాఖ్యానాన్ని మూడో వరుసలో, ఎవరి అభిప్రాయమో చెప్పి పెట్టాలి. వ్యాఖ్యానం రేపు మారినా, మొదటి వరుస మారనక్కరలేదు.

గ్రామాలనుంచి వచ్చిన రాళ్ళ విషయంలో మరో శ్రద్ధ అవసరం. కత్తి పట్టిన పురుషుడి రాతిని ఊరివారు పోతురాజు అని పూజించి ఉండవచ్చు, శాసన పరిశోధకులు దాన్ని వీరగల్లు, అంటే వీరుడి జ్ఞాపకంగా నిలిపిన రాయి అంటారు. వస్తువు రకంలో “వీరగల్లు” రాసి, స్థానిక నామంలో “పోతురాజు” రాయండి. ఊరివారి పేరు పొరపాటేమీ కాదు, ఆ రాయి ఇన్నాళ్ళు గడిపిన జీవితం అది. దాన్ని వదిలేసిన పట్టిక అసంపూర్ణమని నా దృఢమైన అభిప్రాయం.

“పంచలోహం” గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది ఆగమ సంప్రదాయంలోని పేరు, లోహ విశ్లేషణ ఫలితం కాదు. కంచు అంటే రాగి, తగరం. ఇత్తడి అంటే రాగి, జింకు. ఏళ్ళ తరబడి అభిషేకాలు పొంది, చింతపండుతో తోమించుకున్న విగ్రహం రంగు చూసి ఈ రెండింటిలో ఏదో చెప్పలేం. పరీక్ష జరగనంతవరకు “రాగి మిశ్రమ లోహం” అని రాయండి. లోహంలో ఏయే మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరంతో చూపించినా, అది పైపొరనే చదువుతుంది కాబట్టి కిలుము పట్టిన చోట వచ్చిన అంకెలు లోపలి లోహానివి కాకపోవచ్చు. ఏ చోట చదివారో కూడా నమోదు చేయండి.

కలంకారీ దగ్గర మాత్రం ఆగవలసి ఉంది. మచిలీపట్నం, పెడన అంటే చెక్క అచ్చులతో అద్దకం, శ్రీకాళహస్తి అంటే కలంతో చేతిపని అని మనం నేర్చుకున్నాం. ఇది ఇప్పటి పనికి సరిపోతుంది. పాత వస్త్రానికి వర్తింపజేస్తే తప్పుతుంది, ఎందుకంటే 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం రేవు నుంచి విదేశాలకు వెళ్ళిన వస్త్రాల్లో చేతితో గీసినవి ఎన్నో ఉన్నాయి. ఊరినిబట్టి పద్ధతిని రాయకండి, పద్ధతినిబట్టి ఊరిని ఊహించకండి. వస్త్రాన్ని బల్లమీద పరిచి, నల్ల గీతను చివరిదాకా కంటితో అనుసరించండి. కలంతో గీసిన గీత లావవుతూ సన్నబడుతూ పోతుంది, చేయి ఆగిన చోట కసిమి కొద్దిగా నిలిచి చిక్కటి చుక్క అవుతుంది. కసిమి అంటే తుప్పు ఇనుమును బెల్లంతో నానబెట్టి తీసిన ద్రవం. కరక్కాయ పట్టించిన బట్టమీద అది నల్లబడుతుంది. అచ్చు పని అయితే అదే తీగ, అదే ఆకు, అదే చిన్న లోపంతో సహా కొంత దూరంలో మళ్ళీ వస్తుంది, రెండు అచ్చులు కలిసేచోట గీత ఒకదానిమీద ఒకటి ఎక్కడమో, మధ్యలో ఖాళీ మిగలడమో జరుగుతుంది. చాలా వస్త్రాల్లో రెండూ ఉంటాయి, అంచు అచ్చుతో, మధ్య బొమ్మ కలంతో. అప్పుడు రెండు పదాలూ రాయాలి. బట్టను తిరగేసి చూడడం మరవకండి. రంగు వెనకవైపుకు దిగకుండా పైననే కూర్చుని, నమూనా అంతా ఒకే తీరుగా ఉంటే అది స్క్రీన్ ముద్రణ కావచ్చు. దాన్ని “కలంకారీ నమూనా, స్క్రీన్ ముద్రణ” అనాలి.

రంగుల విషయంలో “సహజ రంగులు” అన్న మాటను నేను పరీక్ష లేకుండా రాయను. పటిక పట్టించిన బట్టమీద ఎరుపు చిరివేరు నుంచి రావచ్చు, కర్మాగారంలో తయారైన అలిజరిన్ అనే కృత్రిమ రంగు నుంచీ రావచ్చు. చూపుకు రెండూ ఒకటే. “ఎరుపు, రంగు పదార్థం నిర్ధారణ కాలేదు” అన్నది నిజాయితీగల నమోదు.

బొమ్మల దగ్గర పని సులువు. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి చెక్కను చెక్కి, అవయవాలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి, కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీని ఒత్తితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. కాబట్టి ఒకటి “చెక్కి రంగు వేసినది”, మరొకటి “లేత్‌పై తీసి లక్క పూసినది”. ఇంగ్లీషు గడిలో ఈ రెండోదానికి “లాకర్” (lacquer) అని రాస్తే అది చైనా, జపాన్ దేశాల్లో చెట్టుపాలతో వేసే పూత అయిపోతుంది. మనది లక్కపురుగు ఇచ్చే జిగురు, అక్కడ “లాక్” (lac) అనాలి. తోలుబొమ్మలకు కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. బొమ్మ పేరు తోలుబొమ్మే అయినా, వెలుగు దూరేంత పలచగా తయారుచేసిన ఆ మేక చర్మం చెప్పులకు వాడే పదునుపెట్టిన తోలు కాదు. పదార్థంలో “పదునుపెట్టని మేక చర్మం” అని రాస్తే, తేమకు అది ఎలా ముడుచుకుంటుందో మరమ్మతు చేసేవారికి వెంటనే అర్థమవుతుంది.

స్థలనామాల్లో ఒక చిక్కు ఉంది. రిజిస్టరులో “అమరావతి” అని మాత్రమే ఉంటే అది స్తూపం ఉన్న పాత ఊరా, రాజధాని ప్రాంతమా అన్నది ఇప్పుడు తేలదు. ఇంగ్లీషులో రాసినచోట మహారాష్ట్ర అమరావతి కూడా అనుమానంలోకి వస్తుంది. పైగా పాత ఊరు రిజిస్టరు రాసిననాటికి గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. అలాగే 1970 తరువాత ప్రకాశం జిల్లాలో కలిసిన ఊళ్ళు కొన్ని అంతకుముందు గుంటూరువే. ఊరు, దొరికిన కాలంలోని జిల్లా, ఇప్పటి జిల్లా అని మూడు గడులు పెట్టుకోండి. బెజవాడ, బందరు వంటి రూపాలను పర్యాయనామాలుగా చేర్చండి.

కర్త పేరు తెలియనిచోట “ఫలానావారి శైలి”, “ఫలానావారిదిగా భావిస్తున్నది”, “ఫలానావారి శిష్యబృందం”, “ఫలానా చిత్రానికి నకలు” అనేవి ఒకదానికొకటి బదులు కావు. ఏది రాసినా ఎందుకు రాశారో ఒక వాక్యం జోడించండి. “పురావస్తువు” అనే మాటనూ వర్ణనలో తేలిగ్గా వాడకండి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం దానికి నూరేళ్ళ వయసు, రాతప్రతులకైతే 75 ఏళ్ళు నిండాలి, కొన్ని తరగతుల వస్తువులకు నమోదు తప్పనిసరి.

ఇక భాష. గెట్టీ సంస్థ నడిపే ‘ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ థెసారస్’ ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతుంది, 2014 నుంచి దాని సమాచారాన్ని ఎవరైనా వాడుకునేలా తెరిచిపెట్టారు. అందులో ప్రతి భావనకు ఒక సంఖ్య, దానికి పైనున్న విస్తృత పదం, ఆ పదాన్ని ఎక్కడిదాకా వాడాలో చెప్పే వివరణ ఉంటాయి. ఉదాహరణకు చిత్రలేఖనాల సంఖ్య 300033618. మీరు తెలుగులో “చిత్రం” అని రాసి ఆ సంఖ్య పక్కన పెడితే, ఇంగ్లీషు పదం కోసం తడుముకోనక్కరలేదు. వివరణ చదవకుండా, పేరు కుదిరిందని సంఖ్య మాత్రం తీసుకోకండి. వీరగల్లు, తోలుబొమ్మ, ఉష్ణీషం వంటి మాటలకు మనకు కావలసినంత దగ్గరి పదం అందులో కనబడకపోతే, పైమెట్టు సంఖ్య ఇచ్చి తెలుగు పదాన్నే ప్రధానంగా ఉంచండి.

ఈ పనికి మీరే ఒక చిన్న పదపట్టిక కట్టుకోవాలి. ఒక్కో వరుసలో మీరు నిర్ణయించిన తెలుగు పదం, దాని పర్యాయాలు, థెసారస్ సంఖ్య, ఆ పదం ఎప్పుడు వాడాలో ఒక వాక్యం, మీ సేకరణలో దానికి మంచి ఉదాహరణగా నిలిచే వస్తువు సంఖ్య రాయండి. వస్తువు నమోదులో ప్రతి నిర్ణయం పక్కన ఎవరు చేశారు, ఏ తేదీన చేశారు, దేన్ని చూసి చేశారు అన్నవి ఉండాలి: “భూతద్దం”, “వెనకవైపు పరిశీలన”, “పాత రిజిస్టరు మాత్రమే”. చివరిది రాసి ఉన్న వస్తువులన్నిటినీ ఒక్కసారిగా వెతికి తీస్తే, రెండో విడతలో మళ్ళీ చేతిలోకి తీసుకుని చూడవలసినవి ఏవో ఆ జాబితాయే మీకు చెబుతుంది.